రామెన్ షాపులో వన్ బై టూ అడగడం తప్పా?

గోదారిగట్టు: పోయిన నెల మా అమ్మను జపాన్ తీసుకెళ్ళాను. అమ్మ పంది మాంసం ముట్టదు. అందుకని క్యోటోలో వెతికి వెతికి కోడి సూప్‌తో రామెన్ (వేడి సూప్‌లో వేసిచ్చే నూడుల్స్) చేసే చిన్న షాపు పట్టుకున్నాం. మిషన్‌లో డబ్బు వేసి ఒక రామెన్‌కీ, ఒక ప్లేటు కోడి వేపుడుకీ టోకెన్లు తీసుకున్నాను. అమ్మ నాలుగు ముద్దలకు మించి తినదు, నా గిన్నెలోంచే పెడదామనుకున్నాను. వంటాయన గోడ మీద కాగితం చూపించాడు. ఫోన్‌లో పెట్టి చూస్తే "ఒకరికి ఒక గిన్నె" అని ఉంది. ఆయన విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. కానీ అమ్మ లేచి బయటికెళ్ళి నిలబడింది. నాకు ముద్ద దిగలేదు. మన దగ్గర సూప్ వన్ బై టూ అంటే రెండు కప్పుల్లో పోసి మరీ ఇస్తారు. పెద్దవాళ్ళకు కూడా ఈ రూలేనా?

హకాతా వీధి: ఆరేళ్ళుగా ఫుకుఒకాలో ఉంటున్నాను. అమ్మగారు బయట నిలబడ్డారంటే బాధేసింది, కానీ రూల్ సరైనదే అంటాను. ఇలాంటి షాపుల్లో బల్ల వెంట ఎనిమిదో పదో స్టూళ్ళుంటాయి, అంతే. మధ్యాహ్నం ఒక్కో స్టూలు ఎన్నిసార్లు నిండితే అంత బేరం. సూప్ కోసం ఎముకలు గంటల తరబడి మరగాలి, ఆ గ్యాస్ ఖర్చు రోజూ ఉంటుంది. పోనీ ధర పెంచుదామంటే ఇక్కడ "వెయ్యి యెన్ల గోడ" అనే మాటే ఉంది. గిన్నె వెయ్యి దాటితే జనం రారని భయం. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చినప్పుడు వాటిని తీసుకునేలా టోకెన్ మిషన్లు మార్చుకోవాల్సి వచ్చింది, ఆ ఖర్చూ షాపువాళ్ళ నెత్తినే పడింది.

ఇంకోటి, నూడుల్స్ ఆగవు. మా ఊరివి మరీ సన్నం, కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే మెత్తబడిపోతాయి. అందుకే ఇక్కడ ముందు తక్కువ నూడుల్స్ వేస్తారు. అవి తినేసి, సూప్ మిగుల్చుకుని "కాయెదామా" అంటే వేడివేడిగా ఉడికించిన నూడుల్స్ అదే గిన్నెలో వేస్తారు. ఒక మనిషి, ఒక గిన్నె అనే లెక్క మీద పుట్టిన తిండి ఇది.

ఇద్దరు పిల్లల తల్లి: నేను ఒప్పుకోను. ఆయన ఉత్తినే కూర్చోలేదు కదా, వేపుడు కూడా కొన్నారు. బేరం చూడకుండా తలకాయలు లెక్కపెట్టడమేంటి? యోకొహామాలో మా చిన్నదానికి నా గిన్నెలోంచి పెడుతుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. అడక్కుండానే చిన్న గిన్నె, ఫోర్కు తెచ్చిచ్చారు. మూడేళ్ళ పాపకున్న వెసులుబాటు పెద్దావిడకు ఎందుకు ఉండకూడదు? పైగా జపాన్‌లో పెద్ద వయసువాళ్ళు ఎంతమంది! కొన్ని షాపుల మిషన్లలో "హాఫ్" బటన్ ఉంటుంది. అది అన్నిచోట్లా పెడితే ఏం పోయింది?

హకాతా వీధి: పాప మీ ఒళ్ళో కూర్చుంటుందండీ, స్టూలు పట్టదు. హాఫ్ బటన్ మాటకు మాత్రం ఒప్పుకుంటాను, ఉండి తీరాలి. లేనిచోట "మెన్ సుకునామే" అనండి, నూడుల్స్ తగ్గించమని అర్థం. చాలాచోట్ల ధర తగ్గదు కానీ తిండి పారేయనక్కర్లేదు.

నైట్ షిఫ్ట్: నాకు రూల్‌తో పేచీ లేదు, అది చెప్పిన వేళతోనే. డబ్బులేసి, టోకెన్ ఇచ్చి, కూర్చున్నాక గోడ మీద కాగితం చూపిస్తే ఎవరికైనా చిన్నతనంగానే ఉంటుంది. అదే కాగితం తలుపు మీద, ఇంగ్లిష్‌లో కూడా పెడితే ఆ అమ్మగారు అసలు లోపలికే వచ్చేవారు కాదు. పంచుకుని తినాలంటే షాపింగ్ మాల్ ఫుడ్ కోర్టులు నయం, అక్కడ టేబుళ్ళు అందరివీ.

గోదారిగట్టు: స్టూళ్ళ లెక్క నాకు తట్టలేదు, నిజమే. కానీ మేం వెళ్ళింది మధ్యాహ్నం మూడింటికి. మా పక్కన ఐదు స్టూళ్ళు ఖాళీగా ఉన్నాయి, బయట ఒక్కరు కూడా లైన్లో లేరు. అందుకే మనసు ఒప్పుకోవడం లేదు. "మెన్ సుకునామే" రాసిపెట్టుకున్నాను. ఈసారి రెండు టోకెన్లు తీసుకుంటాను. అమ్మ మిగిల్చింది నేను తినొచ్చా, దానికీ కాగితం చూపిస్తారా?

హకాతా వీధి: నేను చూసినంతలో రెండు టోకెన్లుంటే ఎవరూ ఏమీ అనరు. సూప్ వదిలేసినా తప్పుపట్టరు. మూడింటికి ఐదు స్టూళ్ళు ఖాళీగా ఉన్నాయంటే మాత్రం, ఆయన ఆ రోజు చూసీ చూడనట్టు ఊరుకోవాల్సింది.