జనవరిలో ఢిల్లీ పరుగు: చలికి ఏం వేసుకోవాలి?

పెన్నాగట్టు:
జనవరిలో ఢిల్లీలో 10 కి.మీ. పరుగు, పొద్దున 7కి స్టార్ట్. ఆ టైముకి 6–8 డిగ్రీలు ఉంటుందంటున్నారు. మన నెల్లూరులో 20కి దిగితేనే మంకీ క్యాపులు బయటికొస్తాయి. కాటన్ టీషర్టు, పైన స్వెట్టర్, ట్రాక్ ప్యాంటు సరిపోతాయా? 70 నిమిషాల్లో ముగించే స్పీడు.

ఒంగోలు షూలేసు:
స్వెట్టర్ వేసుకోబాకన్నా. రెండో కిలోమీటరుకే ఉడికిపోతావు. ఉన్న చలికి పది డిగ్రీలు కలుపుకో. 7 ఉంటే, 17లో ఊరికే నడవడానికి ఏం వేసుకుంటామో అంతే వేసుకోవాలి. స్టార్ట్ దగ్గర కొంచెం వణుకు పుట్టాలి. అక్కడే వెచ్చగా ఉంటే బట్టలు ఎక్కువైనట్టే.

కాటన్ అసలొద్దు. చెమట తాగి పట్టుకుంటుంది. మన ఉక్కపోతలో అది చిరాకు, అంతే. అక్కడ చల్లగాలి తగిలితే ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. ముఖ్యంగా చివర్లో అలిసిపోయి నడక మొదలెట్టినప్పుడు. ఒంటికి అతుక్కునే పాలిస్టర్ ఫుల్ హ్యాండ్స్ ఒకటి చాలు. గాలి ఉంటే మీద పల్చటి విండ్‌చీటర్, ముందు జిప్ ఉన్నదే తీసుకో. వేడెక్కితే సగం దించుకోవచ్చు. రెయిన్‌కోటు మాత్రం వద్దు, ఆవిరి బయటికి పోక లోపలే నీరవుతుంది. షాపులో 'థర్మల్' అని ఇచ్చేవాటి లేబుల్ చూడు, చాలావాటిలో కాటనే ఎక్కువ.

కావలి హాఫ్:
జాకెట్ కన్నా ముందు గ్లౌజులు కొనండి. చలికి ఒళ్లు రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది, మొదట మొద్దుబారేది వేళ్లే. పల్చటి అల్లికవి చాలు, వేడెక్కాక జేబులో కుక్కొచ్చు. చెవులకు బ్యాండ్. మంకీ క్యాప్ అయితే ఊపిరికి నోటి దగ్గర తడిసి అతుక్కుంటుంది. సాక్సులు రెండు జతలు వేస్తే షూ బిగిసి రక్తం ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. తొడల మధ్య, చంకల్లో, రొమ్ము మొనలకు వేజలిన్ రాయండి. కొత్త పాలిస్టర్ ఉప్పు చెమటతో కలిసి గీరుకుంటుంది.

పెన్నాగట్టు:
ఇవన్నీ ఇక్కడ ట్రయల్ వేసేదెట్లా? మైపాడు బీచ్‌లో వేసుకుంటే ఆవిరి కుడుమే.

ఒంగోలు షూలేసు:
వెచ్చదనం ఈడ తేలదులే. గీరుకునేది తేలుద్ది. తెల్లారుజామున 3 కి.మీ. చాలు. కుట్లు, జిప్పు, నడుము ఎలాస్టిక్ చూసుకో. ఉతికేటప్పుడు వాసన కోసం పోసే కండిషనర్ పోయబాక, దారాలకు పూతలా పట్టేసి చెమట పీల్చనివ్వదు.

స్టార్ట్‌లో నిలబడే అరగంటకి పైన పాత ఫుల్ షర్టు, బయల్దేరే ముందు తీసేయొచ్చు. పొగమంచుంటే నారింజ లాంటి కొట్టొచ్చే రంగు వేసుకో, తెలుపో లేత రంగో అయితే మంచులో కలిసిపోయి రోడ్డు మీద కనపడవు. ఫినిష్ అవగానే ఐదు నిమిషాల్లో బనీనుతో సహా మార్చెయ్. పొడి జత బ్యాగులో అడుక్కి పెట్టబాక, మొద్దుబారిన వేళ్లతో వెతకలేవు.