ఇంట్లో సామాన్లతో రియలిస్టిక్ డ్రాయింగ్ నేర్చుకోవచ్చా?

ఫోటో చూసి గీస్తే పర్లేదు కానీ ఎదురుగా చెంబో కుర్చీనో పెట్టుకుని గీస్తే మాత్రం వంకరటింకరగా వస్తోంది, కోర్సులకి డబ్బుల్లేవు, ఇంట్లోనే ఏమైనా చేసుకోవచ్చా?

జవాబు 1: పాత ఫోటో ఫ్రేమ్ గాజు తీసి అంచులకి టేప్ వేసి నీకూ చెంబుకీ మధ్య నిలబెట్టు, ఒక కన్ను మూసుకుని గాజులోంచి చూస్తూ మార్కర్‌తో గాజు మీదే గీసెయ్. తల కదిలిందా మొత్తం పోయినట్టే, గడ్డం పుస్తకాల దొంతర మీద ఆనించుకో. చెంబు మూతి గుండ్రంగా కాదు, కోడిగుడ్డులా సాగి కనపడుతుందని అప్పుడు తెలుస్తుంది. 1525లోనే జర్మనీ ఆర్టిస్ట్ డ్యూరర్ ఈ గాజు పద్ధతిని బొమ్మేసి మరీ చూపించాడు.

జవాబు 2: గాజెందుకు బ్రో, పగిలితే గోల. పెళ్లికార్డు అట్ట మధ్యలో చతురస్రం కోసేసి నల్లదారం అడ్డంగా నిలువుగా సమానంగా కట్టు, పేపర్ మీద కూడా అన్నే గళ్లు, ఇక అట్టని ఎదురుగా నిలబెట్టి అందులోంచి గడికి గడి చూసి గీయడమే. దారానికి నట్టు కట్టి వేలాడదీసి చూడు, కుర్చీ కాలు ఎంత వాలిందో ఇట్టే దొరుకుతుంది.

జవాబు 3: ఓకే గానీ గళ్లకి అలవాటు పడితే చెయ్యి తిరగదండి. ముందు కంటితో గీసి, తర్వాత గాజు పెట్టి చెక్ చేసుకోండి.

ప్రశ్న అడిగినవాణ్ణి: పెళ్లికార్డులకి మా ఇంట్లో కొదవలేదు, ఆదివారం మొదలెడతా.