మన కథల పుస్తకాలకు నెర్రెల నేల తప్ప ఇంకో అట్ట లేదా?

గడియారం సెంటర్ (నల్గొండ):
మా దోస్తు కథల పుస్తకం అచ్చుకు పోతోంది. అన్నీ మునుగోడు వైపు పల్లెల కథలు. లోపలి పేజీలు అయిపోయాయి, అట్ట దగ్గర ఆగింది. ప్రెస్ వాళ్లు పంపిన నమూనాలో నెర్రెలు బారిన నేల, వెనక పొద్దు గుంకుతూ ఉంటే మూలన బిందె పట్టుకున్న ముసలమ్మ. వాడికి మస్తు నచ్చింది. నాకేమో ఎక్కడో చూసిందే మళ్లీ చూసినట్టుంది. ఎందుకు నచ్చలేదని అడిగితే సరిగ్గా చెప్పలేకపోతున్నాను. అట్ట బాగుంది అనడానికి మీరు ఏం చూస్తారు?

మిర్యాలగూడ రైలు:
ఫోటో క్లియర్‌గా ఉంటే చాలన్నా. పేరు మాత్రం ఎర్ర రంగులో పెద్దగా పెట్టించు. పుస్తకాల స్టాల్ ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడరు.

పాత డీటీపీ (మహబూబ్‌నగర్):
తమ్మీ, పెద్దగా పెట్టించు అంటేనే భయం. మా ఆపరేటర్లు పెద్దగా అంటే అక్షరాన్ని పట్టుకుని అడ్డంగా సాగదీస్తారు. 'రాష్ట్రం' లాంటి మాటకు కింద రెండు ఒత్తులు. రెండో వరుస అక్షరాల పైన గుడులు, తలకట్లు. రెండూ ఢీకొంటాయి. అది విడదీయడానికి తెల్ల అంచు, దాని వెనక నీడ. చివరికి పెళ్లి ఫ్లెక్సీ తయారవుతుంది. నేను ముందు చూసేది పేరు రాసిన తీరే. బొమ్మ ఆ తర్వాత.

బాపు గారి అట్టలు దొరికితే ఒకసారి తీసి చూడండి. పేరు ఆయనే చేత్తో రాసేవారు. అక్షరం బొమ్మ పక్కన నిలబడదు, బొమ్మలో కలిసిపోతుంది. ఒకే 'క' రెండు చోట్ల రెండు తీర్లుగా ఉంటుంది. ఇప్పుడు ఆ దస్తూరి ఫాంటై ప్రతి హోటల్ బోర్డు మీదికీ ఎక్కింది. ఫాంటులో ప్రతి 'క' ఒకటే, ఆ తేడా కళ్లకు తెలుస్తుంది. చేత్తో రాసేవాళ్లు దొరకకపోతే మన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద 'సురవరం' అనే ఫాంటు గూగుల్‌లో ఉచితంగా ఉంది. శీర్షికకు బాగుంటుంది. సాగదీయొద్దు, అంతే.

ఇక నెర్రెల నేల. పాలమూరు అంటే వలస, నల్గొండ అంటే ఫ్లోరైడ్. ఆ కష్టం అబద్ధమని ఎవరంటారు? కానీ మీ అట్ట మీద పేరును చేత్తో మూసి చూడండి. నీటిపారుదల మీద వ్యాసాల పుస్తకానికి కూడా అదే సరిపోతుంది, అవునా? మీకు నచ్చకపోవడానికి కారణం అదే అనుకుంటా. ఏలె లక్ష్మణ్ గారిది పాత నల్గొండ జిల్లా కదిరేనిగూడెమే. 2014లో తెలంగాణ రాజముద్ర గీసింది ఆయనే. అంతకుముందు నుంచీ ఎన్నో పుస్తకాలకు అట్టలు వేశారు. ఆయన గీసిన ముఖం ఒక్కటి చూస్తే ఊరు తెలిసిపోతుంది, వెనక నేల పగలక్కర్లేదు.

నాకు మరీ ఇష్టమైనది బయటిదొకటి చెప్తా. సత్యజిత్ రాయ్ సినిమాల్లోకి రాకముందు కలకత్తాలో సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు అట్టలు వేసేవాడు. జిమ్ కార్బెట్ రాసిన కుమావూన్ పులుల పుస్తకం బెంగాలీ అనువాదానికి అట్టంతా పులి చర్మం చుట్టాడు. ముందు అట్ట మీద తూటా దిగిన రంధ్రం, వెనక అట్ట మీద అది బయటికొచ్చిన రంధ్రం. వెనకది పెద్దది, తూటా దిగిన చోటి కంటే చీల్చుకుని బయటపడే చోటే పెద్దగా ఉంటుంది కాబట్టి. పులీ లేదు, వేటగాడూ లేడు. ఎప్పుడు తలుచుకున్నా కుళ్లుగా ఉంటుంది నాకు, ఆ ఆలోచన మనకెందుకు రాలేదని!

లైబ్రరీ అక్క (నాగర్‌కర్నూల్):
మీరంతా ముందు అట్ట గురించే మాట్లాడుతున్నారు. బీరువాలో మాకు కనబడేది వెన్ను, అంటే పుస్తకం కుట్టిన వైపు సన్నటి అంచు. దాని మీద పేరు సన్నగా ఉంటే ఆ పుస్తకాన్ని ఎవరూ బయటికి లాగరు. పిన్నులు కొట్టిన కవిత్వం పుస్తకాలకైతే వెన్నే ఉండదు, పాపం రెండు లావు పుస్తకాల మధ్య నలిగిపోతాయి. ఇంకో బాధ, చినిగిన పుస్తకాన్ని బైండింగ్‌కు పంపితే అట్ట తీసేసి రెక్సిన్ తొడుగుతారు. వడ్డాది పాపయ్య బొమ్మలున్న పాత పత్రికల సంపుటాలు అట్టలు పోయి వచ్చినప్పుడు ఏడుపొచ్చింది. ఆ తర్వాత అట్టను ముందే కత్తిరించి, పుస్తకం తిరిగొచ్చాక లోపల అతికించడం మొదలుపెట్టాను. ఇది మా రూల్‌లో లేదు, ఎవరికీ చెప్పకండి.

గడియారం సెంటర్:
డీటీపీ అన్నా, పేరు మూసి చూశాను. మీరన్నది నిజమే. దోస్తుకూ చూపించాను, కాసేపు అలిగాడు. మొదటి కథలో బోరు ఎండిపోయాక పిల్లలు పడకుండా కేసింగ్ పైపు మీద బండరాయి పెడతారు. తాత రోజూ దాని మీదే కూర్చుంటాడు. అది పనికొస్తుందా?

పాత డీటీపీ:
పనికొస్తుందా ఏంది, అదే అట్ట! పై నుంచి చూసినట్టు ముందు అట్ట మీద పైపు నోరు, గుండ్రంగా, నల్లగా. వెనక అట్ట మీద అదే చోట బండరాయి. తాత వద్దు, కథలో ఉన్నాడు కదా. నేల రంగు ఒక్కటే, మట్టి రంగు, పగుళ్లు లేకుండా. పేరు పైపుకు పైన తెల్లగా, చిన్నగా పెట్టినా కనబడుతుంది. అంత పెద్ద నల్ల మచ్చకు ఉత్త నలుపు ఇస్తే అచ్చులో వెలిసినట్టు వస్తుంది, కొంచెం సయాన్ (అచ్చులో వాడే నీలం సిరా) కలపమనండి. మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని ప్లాస్టిక్ పొర) వేస్తే రంగు ఇంకాస్త తగ్గుతుంది, ముందే ఒక ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, తీయించుకోండి. కంప్యూటర్ తెర మీద చూసి ఓకే అనొద్దు. అక్క చెప్పిన వెన్ను సంగతి కూడా. లోపలి కాగితం ఏదో ఖాయమయ్యాకే వెన్ను మందం లెక్కేయాలి, లేకపోతే పేరు ముందు అట్ట మీదికి జారుతుంది.

బొమ్మ గీసినవాళ్ల పేరు లోపలి పేజీలో తప్పకుండా వేయించండి. డబ్బు కూడా ఇవ్వండి, రెండు కాపీలు చేతిలో పెట్టి పంపడం మనోళ్లకు బాగా అలవాటు.