అమ్మ చెన్నై నుంచి డల్లాస్ వెళ్తోంది, ఇన్సులిన్ ఎలా తీసుకెళ్లాలి?

వేళచ్చేరి_నెల్లూరమ్మాయి:

అందరికీ నమస్తే. మేం వేళచ్చేరిలో ఉంటాం, అమ్మావాళ్లది నెల్లూరు. అక్కకి డెలివరీ అని వచ్చే నెల అమ్మ ఒక్కతే డల్లాస్ వెళ్తోంది, అయిదు నెలలు ఉంటుంది. టికెట్ చెన్నై నుంచి దుబాయ్, అక్కడ ఫ్లైట్ మారి డల్లాస్. అమ్మకి షుగరు, రోజూ రాత్రి లాంటస్ పెన్నుతో ఇన్సులిన్ వేసుకుంటుంది, అది కాక మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మా, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, నిద్ర పట్టకపోతే వేసుకోమని ఆల్‌ప్రజోలం కూడా రాశారు.

నా భయమంతా ఇన్సులిన్ గురించే. ఫ్రిజ్‌లో ఉండాల్సింది కదా, నెల్లూర్లో ఇల్లు కదిలిన దగ్గర్నుంచి అక్క ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టేదాకా రోజున్నర పైనే పట్టేలా ఉంది, అంతసేపు ఏం చెయ్యాలి? ఐస్ పెడితే సెక్యూరిటీలో తీసి పారేయిస్తారని ఒకరంటారు, పెద్ద సూట్‌కేసులో పడేయండి పైన ఎలాగూ చల్లగానే ఉంటుందిగా అని ఇంకొకరంటారు. దానికి తోడు అమ్మ మాత్రలన్నీ షీట్లలోంచి ఊడదీసి ఒకే హార్లిక్స్ సీసాలో పోసి పెట్టుకుంది, రంగు చూసి తీసుకుంటుంది. ఎవరన్నా అడిగితే ఇంగ్లీషులో చెప్పలేదు. పేరెంట్స్‌ని ఇలా పంపించినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

అడయార్_ఫార్మసిస్ట్:

అమ్మా, ఇన్సులిన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెకిన్ సూట్‌కేసులో వేయొద్దు. కింద కార్గోలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగి మామూలుగా కనిపించినా పనిచేస్తుందన్న నమ్మకం లేదు, పారేయాల్సిందే. పైగా సూట్‌కేసు వేరే ఊరు వెళ్లిపోతే ఆ రాత్రి డోసు ఎక్కణ్ణుంచి తెస్తారు, అక్కడి మెడికల్ షాపులో మన డాక్టర్ చీటీ చూపిస్తే ఇవ్వరు. కాబట్టి ఇన్సులిన్ ఒక్కటే కాదు, మాత్రలన్నీ కూడా అమ్మ చేతిలో ఉండే బ్యాగులోనే.

రోజున్నర ఫ్రిజ్ లేకపోతే ఎలా అని భయపడకండి. లాంటస్ తెరవని పెన్నుల్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో దాచాలి, నిజమే, కానీ వాడకం మొదలుపెట్టిన పెన్ను 30 డిగ్రీలు దాటని చోట బయటే 28 రోజులు ఉంటుంది. అంటే విమానంలో ఏసీకి దానికేం కాదు. అసలు గండం నెల్లూరు నుంచి చెన్నై వచ్చే కార్లో. ఈ ఎండల్లో టిఫినుకి ఆగి కారు తలుపులేసి వెళ్తే లోపల పొయ్యిలా ఉంటుంది, డిక్కీలోనో డ్యాష్‌బోర్డు మీదో పెడితే ఫ్లైటు ఎక్కకముందే మందు పాడైపోతుంది. ఎక్కడ దిగినా ఇన్సులిన్ పెట్టిన పౌచ్ అమ్మతోపాటే దిగాలి. నీళ్లలో నానబెట్టి వాడే కూలింగ్ పౌచ్‌లు ఉన్నాయి, అవి నీరు ఆరేకొద్దీ చల్లబడతాయి, మన చెన్నై ఉక్కలో త్వరగా ఆరవు కాబట్టి కాస్త తక్కువ పనిచేస్తాయి. జెల్ ప్యాక్ ఉన్న ఇన్సులేటెడ్ పౌచ్ తీసుకోండి, కానీ జెల్ ప్యాక్ పెన్నుకి నేరుగా తగలకూడదు, మధ్యలో మెత్తటి గుడ్డ చుట్టండి, అక్కడ తగిలి గడ్డకడితే పడ్డ పాట్లన్నీ వృథా. ఇంట్లో కూడా ఫ్రీజరు కిందే ఉండే అరలో కాకుండా తలుపు వైపు పెట్టండి. లాంటస్ నీళ్లలా తేటగా ఉండాలి, మబ్బుగానో పలుకులుగానో కనిపిస్తే వాడొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ప్రతి ఇంజెక్షన్ అయ్యాక సూది తీసేయాలి. సూది అలాగే ఉంచేస్తే మందు కారుతుంది, గాలి లోపలికి పోతుంది. వేసుకునే ముందు ఎప్పటిలాగే 2 యూనిట్లు బయటికి వదిలి చుక్క వస్తుందో లేదో చూసుకోవాలి. వాడిన సూదులు సీటు ముందు జేబులో పెట్టకుండా, గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి ఇచ్చి అందులో వేయమనండి, క్లీన్ చేసేవాళ్ల చేతికి గుచ్చుకుంటుంది పాపం.

హార్లిక్స్ సీసా ఇంట్లోనే ఉంచేయండి. షాపులో పూర్తి షీట్లు అడిగి తీసుకోండి, సగానికి కత్తిరించిన షీటు మీద పేరు ఒక ముక్కలో, ఎక్స్‌పైరీ డేటు ఇంకో ముక్కలో పోతాయి, అది ఎవరికి చూపించినా ఏం తెలుస్తుంది. బిల్లు కూడా అమ్మ పేరు మీద వేయించండి.

ఒంగోలు_టు_ఓఎంఆర్:

పైన అన్న చెప్పింది కరెక్ట్. మా అత్తయ్యావాళ్లు ఏటా అమెరికా వెళ్లొస్తుంటారు కాబట్టి నాకు తెలిసినవి చెప్తాను. డాక్టర్ దగ్గర లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో లెటర్ రాయించుకోండి, అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, మనవాళ్ల చీటీల్లో ఇంటిపేరు లేకుండా ఉత్త లక్ష్మి అనో సుజాత అనో రాసేస్తారు. ఏ జబ్బుకి ఏ మందు, కంపెనీ పేరుతోపాటు అసలు మందు పేరు, రోజుకెంత, ఇన్సులిన్ పెన్ను, సూదులు, గ్లూకోమీటరు తప్పనిసరి అని అన్నీ రాయించండి. ఒక కాపీ బ్యాగులో, ఒక ఫోటో అమ్మ ఫోన్లో, ఇంకోటి అక్కకి వాట్సాప్‌లో.

సెక్యూరిటీ దగ్గర ట్రేలో పెట్టకముందే ఇన్సులిన్ ఉంది అని చెప్పి పౌచ్ బయటికి తీసి చూపించాలి. వంద మిల్లీలీటర్ల రూలు మందులకి అడ్డం రాదు, అమెరికాలో ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ చూసే టీఎస్ఏ వాళ్లు కూడా అవసరమైన ద్రవ మందులు, వాటిని చల్లగా ఉంచే జెల్ ప్యాకులు ఒప్పుకుంటారు, ముందే చెప్పాలి అంతే. ఎక్స్‌రే మెషీన్‌లో పోతే ఇన్సులిన్‌కి ఏమీ కాదు. అమ్మకి ఇంగ్లీషు రాదంటున్నారు కాబట్టి వీల్‌చైర్ అసిస్టెన్స్ బుక్ చేయండి, నడవగలిగినా సరే, మనిషి తోడుంటారు.

ఇది ఎవరూ చెప్పరు, గుర్తుపెట్టుకోండి. ఫ్లైట్ ఫుల్ అయితే గేటు దగ్గర ట్రాలీ బ్యాగులు తీసుకుని కింద కార్గోలో వేస్తారు, అప్పుడు అమ్మ హడావుడిలో మందులతో సహా ఇచ్చేస్తుంది. అందుకే మందులు ట్రాలీలో కాకుండా భుజానికి తగిలించుకునే చిన్న సంచిలో వేసి సీటు కింద పెట్టుకోమనండి. కందిపొడి, కారప్పొడి మాత్రం చెకిన్‌లోకి, అమెరికా ఫ్లైట్లలో చేతి సామానులో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులంటే విడిగా చెక్ చేస్తారు, తీయించేయనూవచ్చు.

వేళచ్చేరి_నెల్లూరమ్మాయి:

చాలా చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. అయిదు నెలల మందులు ఒకేసారి తీసుకెళ్లనిస్తారా? దుబాయ్‌లో బయటికి వెళ్లేది లేదు కదా, అక్కడ ఏమన్నా ఇబ్బంది ఉంటుందా?

షార్జా_నర్సమ్మ:

నేను యూఏఈలో నర్సుగా చేసి ఇప్పుడు చెన్నై వచ్చేశాను, మీ లిస్టులో ఆల్‌ప్రజోలం చూసి రాస్తున్నా. మనకి అది మామూలు నిద్రమాత్ర అనిపిస్తుంది కానీ యూఏఈలో కంట్రోల్డ్ మందు, ఆ దేశంలోకి తీసుకెళ్లాలంటే వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే పర్మిషన్ తీసుకోవాలి. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, కొడీన్ ఉన్న దగ్గు సిరప్పులూ అంతే. ట్రాన్సిట్టే కదా అనుకోవచ్చు, కానీ ఫ్లైట్ రద్దయి హోటల్‌కి పంపిస్తే అమ్మ ఇమిగ్రేషన్ దాటి బయటికి వెళ్లాల్సి వస్తుంది, అప్పుడు ఒంటరిగా ఆమె ఏం చెప్పుకుంటుంది? డాక్టర్‌ని అడగండి, ఎప్పుడో ఒకసారి వేసుకునేదైతే మానేయొచ్చా, బదులు ఇంకేదన్నా ఉందా అని. రోజూ వేసుకుంటుంటే మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి, హఠాత్తుగా ఆపితే ప్రమాదం, అలాగైతే పర్మిషన్ తీసుకునే పంపండి.

ఇంకోటి, బాలింతకి అని గసగసాలు మూట కట్టకండి తల్లీ. యూఏఈలో గసగసాలు నిషేధం, డ్రగ్స్ కిందే లెక్క. మసాలా పొడిలో కలిపినా వద్దు. కాయం, శొంఠి, వాము చాలు.

అయిదు నెలల సంగతికొస్తే, అమెరికాలో మామూలుగా 90 రోజులకి సరిపడా సొంత మందులే తెచ్చుకోమంటారు. ఆపైన ఉండేవాళ్లకి తర్వాత కొరియర్‌లో తెప్పించుకునే వీలుంది, దానికి డాక్టర్ లెటరు, ప్రిస్క్రిప్షన్, వీసా, పాస్‌పోర్టు కాపీలు జత చేయాలి. ఇన్సులిన్ కొరియర్‌లో మాత్రం దారిలో వేడికి ఏమవుతుందో చెప్పలేం, దాని కోసం అక్కని అక్కడ ఒక డాక్టర్‌ని ముందే చూసిపెట్టమనండి.

వేళచ్చేరి_నెల్లూరమ్మాయి:

గసగసాలు నిజంగానే కట్టి పెట్టింది అక్కా, ఇప్పుడే ఫోన్ చేసి తీసేయమన్నా. ఆల్‌ప్రజోలం గురించి ఈ వారమే నెల్లూర్లో డాక్టర్ని కలుస్తాం. ఆఖరి డౌటు, డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, మరి రాత్రి ఇన్సులిన్ ఏ రాత్రికి వేసుకోవాలి?

అడయార్_ఫార్మసిస్ట్:

ఇది నేను చెప్పకూడదమ్మా, మీ డాక్టరే చెప్పాలి, ఎందుకంటే పడమటికి వెళ్లేటప్పుడు రోజు సాగుతుంది, రెండు డోసుల మధ్య గ్యాప్ ఎంత ఉండాలనేది అమ్మ షుగర్ చూసి నిర్ణయిస్తారు. వెళ్లేటప్పుడు టికెట్ ప్రింటు తీసుకెళ్లి, మన టైము ప్రకారం ఎన్ని గంటలకి ఏది వేసుకోవాలో కాగితం మీద రాయించండి, మీరు దాన్ని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పౌచ్‌లో పెట్టండి. అమ్మ చేతి వాచీ దిగేదాకా ఇండియా టైములోనే ఉంచమనండి, మార్చితే లెక్క తప్పుతుంది.

డయాబెటిక్ మీల్ కనీసం ఒక రోజు ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పాలి. అది నచ్చక అమ్మ తినకుండా పడుకుంటే షుగర్ పడిపోవచ్చు, అందుకని గ్లూకోజ్ బిళ్లలు, బిస్కెట్లు, గ్లూకోమీటరు, అదనంగా స్ట్రిప్పులు ఆ భుజం సంచిలోనే ఉండాలి. చెమటలు పట్టినా, చేతులు వణికినా ముందు గ్లూకోజ్ బిళ్లలు నోట్లో వేసుకుని ఆ తర్వాతే బెల్ నొక్కమని చెప్పండి, షుగర్ ఉంది అనే మాట ఇంగ్లీషులో ఒక చీటీ మీద రాసి ఇస్తే చూపిస్తుంది.