నన్ను నేను చూసుకోవడం బాధ్యతా, స్వార్థమా?

కేఆర్‌పురం_నైట్‌బస్:
బెంగళూరులో ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ జీతం పడగానే సగానికి పైగా ఇంటికి పంపుతున్నా. నాన్న అప్పు, అమ్మ షుగర్ మందులు, తమ్ముడి బీటెక్ ఫీజు. దీని మీద నాకు ఏడుపేం లేదు. కానీ ఎడమవైపు దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించమని డాక్టరు చెప్పి చాలా కాలమైంది, ఆ వైపు నమలడం మానేసి నెట్టుకొస్తున్నా. మొన్న రూమ్మేట్ "నీ మీద నీకు బాధ్యత లేదా" అన్నాడు. ఉందనుకుంటే ఇంటికి పంపేది తగ్గించాలి, అప్పుడది బాధ్యతా, స్వార్థానికి తొడిగిన మంచి చొక్కానా? ఫిలాసఫీ చదివినవాళ్ళు చెప్పండి. "నీ మనసు చెప్పింది చెయ్" లాంటివి వద్దు, ప్లీజ్.

పాత_పేజీలు:
తమ్ముడూ, ఈ అనుమానం జర్మన్ ఫిలాసఫర్ కాంట్‌కీ వచ్చింది. 1797లో అచ్చయిన పుస్తకంలో, తన పట్ల తనకు బాధ్యత అనేది అసలు కుదురుతుందా అని తనే అడిగాడు. కట్టేసేదీ నేనే, కట్టుబడేదీ నేనే అయితే ఎప్పుడంటే అప్పుడు ముడి విప్పేసుకోవచ్చు కదా, ఇంక అది బాధ్యత ఎలా అవుతుంది అని. నీ పన్ను విషయంలో జరుగుతున్నది అదే, నెలనెలా నిన్ను నువ్వే వదిలేస్తున్నావు, అడిగేవాడు లేడు కాబట్టి. ఆయన జవాబు ఏంటంటే, నాలో ఉన్న మనిషితనం నా ఇష్టమొచ్చినట్టు వాడిపారేసే సొత్తు కాదు, ఎదుటివాడిలో ఉన్నదానికి ఎంత గౌరవమో దీనికీ అంతే. ఇంకో మాట కూడా అన్నాడు, తన పట్ల బాధ్యతే లేకపోతే ఇతరుల పట్ల కూడా ఏదీ ఉండదని. (చదవడం మాత్రం నరకం, ముందే చెప్తున్నా.)

మడివాళ_అక్క:
అంత దూరం ఎందుకండీ, మీరు బాగుంటేనే కదా ఇంటిని చూసుకోగలిగేది. ఆ పన్ను చీము పడితే ఇప్పుడు మిగిల్చినదానికి రెండింతలు అవుతుంది. రేపే వెళ్ళండి.

ఉత్త_సందేహం:
అక్కా, పన్ను చూపించుకోమనడం వరకు ఓకే, కారణమే నాకు ఎక్కడం లేదు. దున్నడానికి ఎద్దు కావాలి కాబట్టి మేత వేసినట్టుంది. ఇంటికి పంపాల్సిన పనే లేకపోతే ఇతను నొప్పితో ఉన్నా పర్లేదా? పైగా "ఇంటివాళ్ళు" అని అందర్నీ ఒకే గాటన కట్టకు బ్రో. 2007లో వచ్చిన చట్టం తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల భారం కొడుకులతో పాటు కూతుళ్ళ మీద కూడా పెట్టింది, నెలకు 10,000 రూపాయలు దాటకుండా ఇప్పించొచ్చు. చట్టం అడిగేది కనీస బాధ్యత మాత్రమే, ప్రేమకు కొలత కాదు, ఒప్పుకుంటా. కానీ అందులో తమ్ముడి ఫీజు లేదు. అమ్మ మందులు ఆపలేవు, సరే, ఫీజు నీకే ఎందుకు వచ్చిపడింది? నువ్వు పన్ను దాచిపెట్టి కడుతుంటే వాడికి తన చదువు మీద బాధ్యత పడే సందర్భం ఎప్పుడొస్తుంది? అసలు నీ నొప్పి సంగతి ఇంట్లో తెలుసా?

కేఆర్‌పురం_నైట్‌బస్:
తెలీదు. ఫోన్‌లో ఎప్పుడూ చెప్పలేదు, అమ్మ టెన్షన్ పడుతుందని. ఫీజు వాయిదాల్లో తీసుకుంటారేమో ఆఫీసులో కనుక్కోమని తమ్ముడికి ఇప్పుడే మెసేజ్ పెట్టా. "నేనా అడగాలి?" అంటున్నాడు.