పాత మారుతి జిప్సీ, చేతిలో 60 వేలు: ముందు చక్రాల యాక్సిల్ మొత్తం మార్చేయాలా, ఉన్నదాన్నే విప్పి బాగుచేయించాలా?

మిరియాల తోట

అందరికీ నమస్కారం. పాడేరు దగ్గర మాకు మూడెకరాల కాఫీ ఉంది, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాలు పాకించాం. తార్రోడ్డు నుంచి తోటకి రెండు కిలోమీటర్లు మట్టి దారి, చివర్లో నిట్టనిలువు ఎత్తు. వానలు మొదలైతే బైకు కూడా ఎక్కదు. అందుకని నాలుగు నెలల కింద 2007 మోడల్ జిప్సీ, ఎంపీఎఫ్ఐ పెట్రోలుది, లక్షా తొంభై వేలకి కొన్నాను. కొన్న రోజు బాగానే ఉంది. పాత బళ్ళన్నీ కొన్న రోజు బాగానే ఉంటాయని ఇప్పుడు తెలిసింది.

జబ్బులు ఇవి. 55, 60 మీద పోతుంటే చిన్న గతుకు తగిలినా స్టీరింగ్ గడగడా ఊగిపోతుంది, 30కి దిగితే గానీ ఆగదు. కుడి ముందు చక్రానికి లోపలి వైపు నల్లటి జిడ్డు కారి టైరంతా పూసుకుంటోంది. ఫోర్ లో (4L, నాలుగు చక్రాలూ లాగే తక్కువ గేరు) వేసి దిగుడు దిగుతుంటే లివర్ దానంతటదే జారి న్యూట్రల్‌లో పడుతోంది. రెండుసార్లు అయింది. రెండోసారి పక్కన మా అమ్మ ఉంది. అప్పటి నుంచి ఆమె ఈ బండి ఎక్కడం లేదు.

అనకాపల్లిలో ఒక మెకానిక్ చూసి, ముందు యాక్సిల్ మొత్తం తీసేసి స్క్రాపులో తెచ్చిన ఇంకో యాక్సిల్ బిగిస్తానన్నాడు. అన్నీ కలిపి 38 వేలు, రెండు రోజుల పని. నర్సీపట్నంలో ఇంకొకాయన ఉన్నదే విప్పి బేరింగులు, సీళ్ళు మారుద్దామంటున్నాడు. ఎంతవుతుందంటే 'విప్పితే గానీ చెప్పలేను' అంటాడు. ఆ మాట వింటేనే టెన్షన్. మొత్తం నా దగ్గర 60 వేలు, అందులోనే టైర్లు కూడా చూసుకోవాలి. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్ బాబాయ్

తమ్ముడూ, మొదటాయన మాటే విను. ముప్పై ఏళ్ళుగా బెజవాడ ఆటోనగర్ చుట్టూ తిరుగుతున్నాను. విప్పితే గానీ చెప్పలేను అన్నాడంటే, విప్పాక ఎంతైనా చెప్తాడని అర్థం. ఒక సీలు అంటాడు, తర్వాత షాఫ్టు గీత పడింది అంటాడు, ఆ తర్వాత హౌసింగ్ వంగింది అంటాడు. నువ్వు పాడేరు నుంచి నర్సీపట్నం బస్సులో తిరుగుతూ ఉంటావు. అసెంబ్లీ, అంటే యాక్సిల్ మొత్తం, అయితే ఒక్కటే బేరం, ఒక్కటే లెక్క. దెబ్బ తగిలిన బండిలోంచి తీసిన మంచి యాక్సిల్ దొరికితే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు.

కమాన్ పట్టీ

బాబాయ్ గారూ, మీరంటే గౌరవమే గానీ ఈ సలహా కుర్రాణ్ణి ముంచుతుంది. స్క్రాపులో ఉన్న యాక్సిల్ కూడా అదే వయసుది. దాని బేరింగులు కూడా అన్నేళ్ళూ తిరిగినవే, సీళ్ళు కూడా ఎండి గట్టిపడినవే. ఇంకొకరి జబ్బుని 38 వేలు పెట్టి కొనుక్కోవడం అవుతుంది.

మిరియాల తోట గారూ, ఎవరికీ రూపాయి ఇవ్వకముందు ఒక పరీక్ష చేయండి. బండిని గట్టి నేల మీద ఆపి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ముందు ఒక చక్రం జాకీతో లేపి యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. జాకీని నమ్మి చెయ్యి పెట్టొద్దు. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. లూజు తెలిస్తే లోపల ఎవరినైనా కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కమనండి. బ్రేకు తొక్కగానే లూజు పోతే అది వీల్ బేరింగు. తొక్కినా అలాగే ఊగుతుంటే కింగ్‌పిన్ బేరింగులు, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకి తిరిగే కీలు దగ్గరివి. తర్వాత చక్రాలు దించి, స్టీరింగ్ కొంచెం ఎడమకీ కుడికీ తిప్పిస్తూ కింద పడుకుని టై రాడ్, డ్రాగ్ లింక్ (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీలు) చివర్లు చూడండి. స్టీరింగ్ కదిలినా చక్రం కదలని చోటే లూజు ఉంది. అరగంట పని, ఖర్చు సున్నా.

60 దగ్గర ఊగుడు అంటే నా అనుమానం కింగ్‌పిన్ మీదే. ఒక్కో వైపు పైనొకటి, కిందొకటి, మొత్తం నాలుగు చిన్న టేపర్ బేరింగులు. వాటి కోసం యాక్సిల్ మార్చడం అంటే పంటి నొప్పికి తల మార్చుకోవడమే.

వీకెండ్ ఘాటు

అన్నా, ఇంత దూరం ఎందుకు? స్టీరింగ్ డ్యాంపర్ కొత్తది వేయించు, ఊగుడు అక్కడికక్కడే పోతుంది. నాది అట్లనే పోయింది. మిగిలిన డబ్బుతో బండిని రెండు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్, పెద్ద మడ్ టైర్లు. మట్టి దారికి అవే ముఖ్యం.

కమాన్ పట్టీ

మీ ఊగుడు పోలేదండి, డ్యాంపర్ వెనక దాక్కుంది. డ్యాంపర్ పని కుదుపుని మింగడం, అరిగిన బేరింగుని బాగుచేయడం కాదు. కొన్నాళ్ళకి అది అలిసిపోయాక మళ్ళీ వస్తుంది. ఈసారి ఇంకా అరిగిన బేరింగుతో వస్తుంది. పెద్ద టైరు వేస్తే ఆ బరువంతా మళ్ళీ ఆ కింగ్‌పిన్ మీదే. పైగా కంపెనీ ఇచ్చిన కొలతల్ని మార్చే మార్పులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిట్‌నెస్‌కి వెళ్ళిన రోజు లిఫ్ట్ కిట్ సంగతి ఎవరు చూసుకుంటారు?

రొయ్యల చెరువు

ఫిట్‌నెస్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2007 బండి అంటే 2022లో ఒకసారి రెన్యువల్ అయి ఉండాలి, మళ్ళీ 2027లో వస్తుంది. 15 ఏళ్ళు దాటిన కారుకి ఆ ఫీజు 2022లోనే 600 నుంచి 5 వేలకి పెంచారు. 20 ఏళ్ళు దాటితే 10 వేలు చేస్తూ 2025 ఆగస్టులో ఇంకో నోటిఫికేషన్ వచ్చింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. భీమవరం పక్కన చెరువు గట్ల మీద నేనూ ఎనిమిదేళ్ళు జిప్సీ నడిపాను. ఉప్పు నీళ్ళకి చాసిస్ తినేసింది. యాక్సిల్, ఇంజిన్ ఏది పోయినా తెచ్చుకోవచ్చు, చాసిస్ పోతే అయిపోయినట్టే. ముందు సుత్తి పట్టుకుని చాసిస్ పొడవునా కొట్టి చూడండి. కణకణమంటే ఖర్చు పెట్టండి. డొల్ల శబ్దం వస్తే వచ్చిన రేటుకి అమ్మేసి పాత బొలెరో ఫోర్ వీల్ చూసుకోండి.

ఆటోనగర్ బాబాయ్

చాసిస్ మాట నిజం, అది ఒప్పుకుంటా. కానీ కమాన్ పట్టీ తమ్ముడూ, నువ్వు లెక్కలో ఒకటి వదిలేశావ్. ఘాటు కింద ఊళ్ళలో కింగ్‌పిన్ షిమ్ములు (బిగువు సరిచేసే పల్చటి రేకులు) సరిగ్గా సెట్ చేసే చెయ్యి ఎన్ని చోట్ల ఉంది? బేరింగు కొట్టేసి, ఉన్న షిమ్మే పెట్టి, బోల్టు బిగించేస్తారు. బిగువు ఎక్కువైతే స్టీరింగ్ తిరగదు, తక్కువైతే నెలకే మళ్ళీ ఊగుడు. అప్పుడు పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే. అసెంబ్లీలో అయితే కంపెనీ సెట్ చేసిన బిగువు అట్లాగే ఉంటుంది.

కమాన్ పట్టీ

పద్దెనిమిదేళ్ళ కింద కంపెనీ సెట్ చేసింది, పద్దెనిమిదేళ్ళు అరిగాక కూడానా బాబాయ్?

అయినా షిమ్ముల మాటలో మీతో ఏకీభవిస్తున్నా. మంచి చెయ్యి లేకపోతే ఈ పని చేయించొద్దు.

డాలస్ నుంచి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఇక్కడ అమెరికాలో సమురాయ్ పేరుతో అమ్మింది మన జిప్సీకి అన్నదమ్ముడే, నకిల్ (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు భాగం) కూడా అదే తరహా. నాకొకటి ఉంది, రెండేళ్ళ కింద ఇంటి షెడ్డులో నేనే విప్పాను. షిమ్ము కొలతకి పెద్ద పరికరం అక్కర్లేదు. బయటి రబ్బరు సీలు వేయకముందు, టై రాడ్ తగిలించే కన్నానికి తూకం వేసే స్ప్రింగ్ కాటా తగిలించి లాగాలి. నకిల్ కదలడం మొదలైనప్పుడు కాటా ఎంత చూపిస్తే అదే బిగువు. ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మన ఊళ్ళలో చింతపండు తూచే కాటా చాలు. మెకానిక్ దగ్గర కాటా ఉందా అని అడగండి, ఎందుకు అన్నాడంటే వేరే మెకానిక్‌ని చూసుకోండి.

నల్లమల రాజు

అందరూ ముందు చక్రం పట్టుకుని వేలాడుతున్నారు. దిగుడులో ఫోర్ లో జారి న్యూట్రల్‌లో పడటం కదా అన్నిటికన్నా ముందు చూడాల్సింది! న్యూట్రల్‌లో పడితే ఇంజిన్ పట్టు మొత్తం పోతుంది, బ్రేకు ఒక్కటే దిక్కు. ఇంకో మాట, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గేరులో వేసి ఆపినా బండి నిలబడదు. ఎత్తు మీద ఆపేటప్పుడు చక్రానికి రాయి పెట్టండి.

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అతికి ఉండదు. మధ్యలో చిన్న ప్రొపెల్లర్ షాఫ్టు, కింద మూడు రబ్బరు మౌంటులు. ఆ రబ్బర్లు చిరిగితే బరువు పడ్డప్పుడల్లా కేసు మెలిక తిరుగుతుంది, లివర్ వెళ్ళి ఫ్లోరుకి తగిలి గేరు ఊడిపోతుంది. ముందు మౌంటులు చూడండి, తర్వాత గేరుని జారకుండా పట్టి ఉంచే లోపలి స్ప్రింగు, బాలు. షిఫ్ట్ ఫోర్కు, పళ్ళు చివరికి. ఆ పళ్ళు అరిగితే మాత్రం ఖర్చే.

ఇంకో ప్రశ్న, నవ్వకండి. ముందు చక్రాల హబ్ లాకులు (చక్రాన్ని యాక్సిల్ షాఫ్టుకి కలిపేవి) రెండూ లాక్‌లో పెడుతున్నారా?

మిరియాల తోట

హబ్ లాకులా? ఇప్పుడే టార్చి వేసుకుని చూసి వచ్చాను. కుడిది లాక్‌లో ఉంది. ఎడమది ఫ్రీలో ఉంది.

నల్లమల రాజు

అయితే ఈ నాలుగు నెలలూ మీరు నడిపింది టూ వీల్ డ్రైవే. ఒక్క హబ్ ఫ్రీలో ఉన్నా డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచేది) శక్తంతా అటే వదిలేస్తుంది, రెండో చక్రానికి ఏమీ రాదు. దిగుడులో భారమంతా వెనక యాక్సిల్ ఒక్కటే మోసింది.

రొయ్యల చెరువు

అమ్మగారికి ఈ విషయం చెప్పొద్దు.

కమాన్ పట్టీ

ఆ నల్ల జిడ్డు గురించి కూడా ఒక మాట. యాక్సిల్ గొట్టం చివరి సీలు పోతే డిఫరెన్షియల్ ఆయిలు నకిల్లోకి వచ్చి, అక్కడున్న గ్రీజుని కరిగించి, బయటి సీలు దాటి టైరు మీదికి కారుతుంది. సీలు మార్చాల్సిందే. కానీ అది ఎందుకు పోయిందో చూడకుండా మారిస్తే మళ్ళీ పోతుంది. యాక్సిల్ పైన చిన్న బ్రీదర్, అంటే గాలి పోయే దారి, ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే ఆయిలు వేడెక్కినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళని తోసుకుని బయటికి వస్తుంది. మీ దారిలో బురద ఎంతో మీకే తెలుసు. వెనక యాక్సిల్ బ్రీదర్ కూడా తీసి ఊదండి, అటు సీలు పోతే ఆయిలు బ్రేకు డ్రమ్ములోకే పోతుంది.

ఇక స్క్రాపు యాక్సిలే తీసుకునేట్టయితే పళ్ళ లెక్క (చక్రం ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో) చూడకుండా కొనొద్దు. 1985 నాటి 970 సీసీ, 1993లో వెడల్పు పెంచినది, 1996 నుంచి వచ్చిన 1300 కింగ్, అన్నీ బయటికి జిప్సీలే. ముందు, వెనక పళ్ళ లెక్క కలవకపోతే ఫోర్ వీల్ వేసిన రోజే ట్రాన్స్‌ఫర్ కేసు ఏడుస్తుంది. కొట్టు దగ్గరే ఒక చివర కదలకుండా పట్టుకుని, రెండో చివర రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగితే అదే లెక్క. వెనక యాక్సిల్ మీద కూడా అలాగే తిప్పి పోల్చుకోండి.

ఆటోనగర్ బాబాయ్

ఆ చుట్ల లెక్క మాకు నేర్పిన మేస్త్రీ ఇప్పుడు లేడు. నిజమే, చూసుకోకుండా కొన్నవాళ్ళని చూశాను. కానీ తమ్ముడూ, నా మాట కూడా పూర్తిగా కొట్టేయొద్దు. హౌసింగ్ వంగినా, నకిల్ గుండు (యాక్సిల్ చివర గుండ్రటి భాగం) మీద తుప్పు గుంటలు పడినా సీలు నిలవదు, నువ్వు ఎన్ని కిట్లు వేసినా. అప్పుడు అసెంబ్లీయే దారి. ఆ సంగతి విప్పక ముందే చెప్పొచ్చు, గుండు తుడిచి గోరు పెట్టి రాసి చూడు.

మిరియాల తోట

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నా. సుత్తితో కొట్టాను, చాసిస్ కణకణమంది. గుండు మీద గోరు ఎక్కడా ఆగలేదు. బ్రేకు తొక్కించినా రెండు వైపులా లూజు అలాగే ఉంది. దాంతో నర్సీపట్నం ఆయన దగ్గరికే వెళ్ళాను. కాటా ఉందా అని అడిగితే కాసేపు నా మొహం చూసి, లోపలికి వెళ్ళి చేపలు తూచే కాటా తెచ్చాడు.

విప్పితే కింగ్‌పిన్ బేరింగులు నాలుగింటిలో మూడు గుంటలు పడి ఉన్నాయి. విచిత్రం ఏంటంటే జిడ్డు కారిన కుడి వైపు కన్నా ఎడమ వైపువే ఎక్కువ పోయాయి. బ్రీదర్ ఎర్రమట్టితో సిమెంటులా గట్టిపడింది, మేకుతో తీశాడు. ట్రాన్స్‌ఫర్ మౌంటులు మూడింటిలో రెండు చిరిగాయి. బేరింగులు, రెండు వైపులా సీళ్ళు, మౌంటులు, ఆయిలు, గ్రీజు, లేబరు అన్నీ కలిపి 21,400. డ్యాంపర్ పాతదే. 70 దాకా వెళ్ళాను, స్టీరింగ్ ఊగలేదు. అమ్మ కూడా ఎక్కింది, కానీ తోట ముందున్న దిగుడు దగ్గర దిగి నడిచి వచ్చింది.

ఆమె దిగడమే మంచిదైంది. మౌంటులు మార్చాక ఫోర్ లో పదిసార్లు వేసి దిగితే తొమ్మిదిసార్లు నిలిచింది, పదోసారి జారింది. టైర్లకి దాచిన డబ్బు ముట్టుకోలేదు ఇంకా.

నల్లమల రాజు

పదింట ఒకటి అంటే స్ప్రింగు, బాలు మీదే నా అనుమానం. ట్రాన్స్‌ఫర్ కేసు దించకుండానే బయట బోల్టు తీసి మార్చొచ్చు, వందల్లో పని. అది అయ్యేదాకా ఆ దిగుడు ఫోర్ లోని నమ్ముకుని దిగొద్దు. దిగువలో ఆపి నడిచి వెళ్ళండి.

ఆటోనగర్ బాబాయ్

యాక్సిల్ సంగతిలో ఓడిపోయాను, సరే. కానీ స్ప్రింగు మార్చాక కూడా జారితే పళ్ళు పోయినట్టే లెక్క. తెలిసిన కొట్లో ట్రాన్స్‌ఫర్ కేసు ఒకటుంది, మిలిటరీ డిస్పోజల్‌ది, పెద్దగా తిరగలేదు. పక్కన పెట్టమననా?

కమాన్ పట్టీ

బాబాయ్!