గుట్ట మీద క్వారీ ఆపాలంటే సర్పంచ్ తీర్మానం సరిపోతుందా?

కంచెబాట అడిగారు:
అమెరికాలో కొండ ఊళ్ల మేయర్లు, కౌంటీ కమిషనర్లు కలిసి సంతకాలు పెట్టి వాషింగ్టన్‌కు లేఖలు పంపుతుంటారు. 2025 జూన్‌లో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూముల అమ్మకం ప్రతిపాదనను సెనేట్ బిల్లులోంచి వెనక్కి తీసుకునేదాకా వ్యతిరేకించినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. మన రంగారెడ్డి జిల్లాలో గుట్ట మీద క్వారీకి అర్జీ పడితే సర్పంచ్, వార్డు మెంబర్లు చేసే తీర్మానానికి బలమెంత? ఎవరికి పంపాలి?

పాతపహాణీ:
అన్నా, గుట్ట పంచాయతీది కాదు, రెవెన్యూ శాఖది. "మా గుట్ట ఇవ్వం" అని మాత్రమే రాస్తే ఆ తీర్మానం ఫైల్లో ఇంకో కాగితం, అంతే. అర్జీ రాగానే మైన్స్ (గనుల శాఖ) వాళ్లు తహసీల్దార్‌ను ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, అడుగుతారు. తహసీల్దార్ రిపోర్టు పైకి పోకముందే మీ కాగితం అక్కడికి చేరాలి.

పాత భూరికార్డులు, అంటే ఖాస్రా పహాణీ (1954-55), సేత్వార్ (సర్వే నంబర్ల రిజిస్టర్), నక్ష (ఊరి పటం), టిప్పన్ (సర్వే నంబర్ కొలతల చిత్తు), సర్టిఫైడ్ నకళ్లు ముందే తీయండి. గుట్ట సర్వే నంబర్‌కు ఎదురుగా ఏం రాసి ఉందో, గుట్ట పోరంబోకో, కంచె సర్కారీయో (ప్రభుత్వ కంచె భూమి), గైరానో (ఊరి పశువుల మేత భూమి), అదే మాట తీర్మానంలోకి ఎక్కాలి. విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో రాయాలి. పహాణీలో గైరాన్ అని ఉండి మీరు గుట్ట అని రాశారనుకోండి, "ఇది వేరే భూమి" అని ఎండార్స్‌మెంట్ కొట్టి పంపిస్తారు. బిలాదాఖలా అయితే నంబరే ఉండదు కాబట్టి నాలుగు వైపులా ఉన్న సర్వే నంబర్లను హద్దులుగా చూపాలి.

తీర్మానంలో రెండో అంశంగా 22-ఎ పెట్టండి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింద ఉండే నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) మీ నంబర్ ఉందా అన్నది సగం ప్రశ్నే. ఎంత విస్తీర్ణానికి ఉందన్నదే అసలు సంగతి. 60 ఎకరాల నంబర్‌లో 40 ఎకరాలే ఎక్కి, మిగతాది 'అ', 'ఆ' బై నంబర్లలో (ఉప నంబర్లలో) పట్టాగా కనిపిస్తోందంటే గుట్టకు గండి అక్కడే. భూభారతి పోర్టల్‌లో (రాష్ట్ర భూరికార్డుల సైట్) బై నంబర్లు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. తేడా ఉంటే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు విడిగా అర్జీ ఇవ్వాలి. క్వారీ అభ్యంతరం, ఈ తేడా రెండూ ఒకే అర్జీలో ఇస్తే ఆఫీసులో ఏ సెక్షన్‌కు మార్క్ చేయాలో తేలక అది తిరుగుతూనే ఉంటుంది.

రాతిగడప:
పైన చెప్పింది రెవెన్యూ దారి. పర్యావరణ అనుమతి దగ్గర ఇంకో మెలిక ఉంది. లీజు 5 హెక్టార్లు దాటకపోతే మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. అందుకే అర్జీలన్నీ 4.9, 4.8 అంటూ వస్తాయి. అయితే ఒక లీజు అంచు నుంచి ఇంకో లీజు అంచుకు 500 మీటర్ల లోపే ఉంటే వాటిని క్లస్టర్‌గా, అంటే ఒకే గుంపుగా, లెక్కేయాలి. మొత్తం 5 హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ తప్పదు. కాబట్టి నక్ష మీద పక్క క్వారీల అంచులు గుర్తించి, దూరాలు కొలిచి, ఆ స్కెచ్‌ను తీర్మానానికి జతచేయండి. పది పేజీల ఆవేదన కంటే ఆ ఒక్క స్కెచ్ మేలు.

ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి. ఆ రోజు సర్పంచ్ తీర్మానం నకలును లిఖితపూర్వకంగా ఇచ్చి మినిట్స్‌లో ఎక్కించుకోవాలి. నోటితో మాట్లాడి కూర్చుంటే "పలువురు అభ్యంతరం తెలిపారు" అన్న ఒక్క వాక్యంగా మిగులుతారు.

అనుమతి వచ్చేసిందా? చెన్నైలోని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) బెంచ్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ తర్వాత వినరు.

కంచెబాట:
ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాన్ని గ్రామసభలే ఆపాయి కదా? మనకెందుకు కుదరదు?

పాతపహాణీ:
అందరూ నియమగిరే చెబుతారు! 2013లో అక్కడి 12 గ్రామసభలూ వద్దన్నాయి, నిజమే. కానీ అది అటవీ హక్కుల చట్టం కింద, సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం కింద గుర్తించిన గిరిజన ప్రాంతంలో) రాయి, కంకర లాంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫార్సు తప్పనిసరి అని 1996 పెసా చట్టం చెబుతుంది. రంగారెడ్డిలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. తీర్మానంలో పెసా అని రాస్తే అవతలి లాయర్‌కు పని తేలికవుతుంది. దాని బదులు 2011 జగ్‌పాల్ సింగ్ తీర్పు రాయండి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. గైరాన్ కబ్జా అయిన చోట నేరుగా అతుకుతుంది, లీజు కేసులో మాత్రం ఊతంగానే.

అమెరికా కౌంటీలకూ ఫెడరల్ భూమి మీద వీటో లేదు. కాకపోతే 1976 చట్టం ప్రకారం అక్కడి భూముల శాఖ తన ప్రణాళికలను స్థానిక ప్రభుత్వాల ప్రణాళికలతో సమన్వయం చేసుకోవాలి. మన దగ్గర మామూలు ఊళ్లకు ఆ మాత్రం కూడా లేదు.

నీటివాలు:
తీర్మానాలు కొట్టుకుపోయేది ఎక్కువగా చిన్న తప్పులతోనే. అజెండా నోటీసులో లేని అంశాన్ని అప్పటికప్పుడు పెట్టడం, హాజరు సంతకాలు తర్వాత తీసుకోవడం, మినిట్స్ బుక్‌లో తీర్మానం నంబర్ వరుస తప్పడం. పాలకవర్గంలో ఒకటి, గ్రామసభలో ఒకటి, రెండూ చేయించండి. కార్యదర్శి సంతకంతో నకళ్లు తీసుకుని తహసీల్దార్, ఆర్డీవో, మైన్స్ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్), కలెక్టర్ ఆఫీసుల్లో ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబర్, తేదీ ఉన్న ముద్ర మీ కాపీ మీద వేయించుకోండి. నెల తర్వాత తహసీల్దార్ ఆఫీసులో ఆ ఇన్‌వర్డ్ నంబర్ పేర్కొని, ఎన్‌వోసీ ఫైలు నోట్‌షీట్ (ఫైలు మీద అధికారులు రాసే పేజీలు) నకలు కోరుతూ ఆర్టీఐ వేయండి. మీ కాగితం ఫైలెక్కిందో లేదో అందులో తెలుస్తుంది.